మొహమాటపడకుండా అడగండి

హైదరాబాద్‌కు మకాం మార్చి ఐటీ ఉద్యోగం వెతుక్కునేవాళ్లకు జావా, క్లౌడ్‌ల కంటే ముందు రావాల్సిన విద్య ఒకటుంది: అడగడం. మన ఇళ్లలో దాన్ని ఎవరూ నేర్పరు. ఒకరిని సాయం అడగాలంటే నామోషీ. కొత్త ఊళ్లో ఆ మొహమాటమే కొంప ముంచుతుంది.

ఏళ్ల తరబడి ఇంటర్వ్యూ ప్యానెళ్లలో కూర్చుంటున్నాను. నా దాకా వచ్చే రెజ్యూమెల్లో చాలా భాగం లోపల పనిచేసే ఎవరో ఒకరు రెఫర్ చేసినవే. రెఫరల్ ఉన్నంత మాత్రాన ఉద్యోగం ఇవ్వం. అప్లికేషన్ల కుప్పలో అడుగున పడిపోకుండా రెజ్యూమె ఒక మనిషి కంటపడుతుంది, అంతే. ఆ తర్వాత ప్రశ్నలు అందరికీ ఒకటే. పైగా రెఫరల్‌తో వచ్చిన మనిషి చేరితే, రెఫర్ చేసిన ఉద్యోగికి చాలా కంపెనీలు బోనస్ ఇస్తాయి. కాబట్టి అడగడం చేయి చాచడం కింద లెక్క కాదు.

పెళ్లయ్యాక విశాఖలో ఉద్యోగం మానేసి ఇక్కడికి వచ్చిన మా పిన్ని కూతురు మొదట్లో తెలిసినవాళ్లందరికీ ఒకటే వాట్సాప్ మెసేజ్ పెట్టింది: "హాయ్ అండీ, మీ కంపెనీలో ఓపెనింగ్స్ ఉంటే చెప్పండి." అందరూ "చూస్తానమ్మా" అన్నారు, అక్కడితో సరి. ఏ పని, ఎంత అనుభవం, ఎప్పుడు చేరగలదు... ఇవన్నీ వాళ్లే ఎదురడిగి కనుక్కోవాలంటే ఆఫీసు హడావిడిలో ఎవరికి కుదురుతుంది? ఇద్దరం కూర్చుని మార్చాం. కంపెనీ వెబ్‌సైట్‌లో తనకు సరిపోయే ఖాళీ తనే వెతికి జాబ్ ఐడీ రాసింది. దాని కింద మూడు ముక్కలు: బ్యాంకింగ్ ప్రాజెక్టులో నాలుగేళ్లు సెలీనియంతో ఆటోమేషన్ టెస్టింగ్, ఇప్పుడు ఉండేది కొండాపూర్‌లో, వెంటనే చేరగలను. రెజ్యూమె జత చేసింది. చదివినవాళ్లు పోర్టల్ తెరిచి ఎక్కిస్తే చాలు. అప్పటినుంచి జవాబులు రావడం మొదలైంది.

"ముందు నేనే అప్లై చేసేస్తే పోలా అన్నయ్యా?" అంది. వద్దన్నాను. చాలా కంపెనీల్లో నేరుగా అప్లై చేసిన పేరు కొన్ని నెలల దాకా సిస్టమ్‌లో ఉండిపోతుంది. ఆలోగా ఎవరు రెఫర్ చేయబోయినా పోర్టల్ ఒప్పుకోదు. ముందు అడిగి, రెండు మూడు రోజులు చూసి, అప్పుడు నేరుగా పెట్టుకోవాలి.

కొండాపూర్ అన్న మాటకూ విలువుంది. రిక్రూటర్లు నౌకరీ డాట్ కామ్‌లో ఊరు, నోటీసు పీరియడ్ పెట్టి వడపోస్తారు. ప్రొఫైల్‌లో ఇంకా విశాఖ అనే ఉంటే ఎంత పనిమంతుల పేరైనా జాబితాలోకి రాకపోవచ్చు. 60, 90 రోజుల నోటీసు మామూలైన చోట వెంటనే చేరగలిగినవాళ్లకు గిరాకీ ఎక్కువ.

ఇక్కడ ఎవరూ తెలియనివాళ్లు పాత టీమ్‌నీ, కాలేజీ సీనియర్లనీ గుర్తు చేసుకోవాలి. ఎస్సార్ నగర్, అమీర్‌పేట హాస్టళ్లలో దిగినవాళ్లకు పక్క మంచం మనిషే దారి చూపవచ్చు. 2019లో మెట్రో రాయదుర్గం దాకా వచ్చాక మాదాపూర్ ఆఫీసులకు ఈ హాస్టళ్ల నుంచే వెళ్లేవాళ్లు చాలామంది. పొద్దున టిఫిన్ల దగ్గర ఏ కంపెనీలో మనుషుల్ని తీసుకుంటున్నారో చెవిన పడుతూనే ఉంటుంది.

ఎవరినీ అడగలేని పిల్లల్ని దళారీ పట్టుకుంటాడు. లక్షలు కడితే బ్యాక్‌డోర్‌లో వేయిస్తానంటాడు, లేని మూడేళ్ల అనుభవం పెట్టిస్తానంటాడు. ఆ డబ్బు కోసం ఊళ్లో పొలం తాకట్టు పెట్టే తల్లిదండ్రులను తలుచుకుంటే కడుపు మండుతుంది. పైగా లేని అనుభవం దాగదు: 2014 నుంచి పీఎఫ్ ఖాతాదారులకు యూఏఎన్ అనే నంబరు ఉంది. ఏ కంపెనీ ఎప్పటి నుంచి ఎప్పటి దాకా పీఎఫ్ కట్టిందో అందులో కనిపిస్తుంది. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో దొరికితే ఉద్యోగమూ పోతుంది, కట్టిన డబ్బూ రాదు.

ఇప్పటికే ఉద్యోగాల్లో ఉన్నవాళ్లకు ఒక మనవి. మీ ఊరి నుంచో, మీ కాలేజీ నుంచో ఎవరైనా మెసేజ్ పెడితే వారంలోపు జవాబివ్వండి. ఖాళీ లేకపోతే లేదనే చెప్పండి. వాళ్లు ఇంకొకరిని అడుగుతారు.