చివరి పన్ను వెనకాల

పళ్లు తోముకోవడం మనలో చాలామందికి అద్దం కోసం చేసే పని. ముందు పళ్ల మీద నురగ బాగా వచ్చిందంటే తోమినట్టే లెక్క. చిట్టచివరి దవడ పన్ను వెనకాల, నాలుక వైపు ఏం జరుగుతోందో చిగురు వాచి అన్నం నమల్లేని రోజు దాకా ఎవరికీ పట్టదు. నేనైతే బ్రష్షు ముందు అక్కడే పెడతాను. ఓపిక చివరిదాకా ఉండదని నాకు తెలుసు.

చివరి పన్ను దగ్గర చిగురు వాచిందని కుర్రాళ్లెవరైనా అంటే నా అనుమానం జ్ఞానదంతం మీదికే పోతుంది. సాధారణంగా 17 నుంచి 25 ఏళ్ల మధ్య వచ్చే పన్ను. కింది దవడలో చోటు చాలక ఒక్కోసారి సగమే పైకొచ్చి ఆగిపోతుంది, మిగతా సగాన్ని చిగురు కప్పే ఉంటుంది. ఆ చిగురు కిందికి మెతుకు దూరితే బ్రష్షుకి అందదు, పుక్కిలించినా రాదు. క్రిములు చేరి చిగురు ఉబ్బుతుంది. ఉబ్బినదాన్ని నమిలినప్పుడల్లా పై పన్ను కొరుకుతుంది, అది ఇంకా ఉబ్బుతుంది. చివరికి దవడ బిగిసి నోరు సగమే తెరుచుకుంటుంది.

వయసు పైబడినవాళ్లకి ఎక్కువగా పళ్ల సందుల్లోనే తంటా. మాంసం పీచో, రసం మామిడి పీచో ఇరుక్కోగానే మనవాళ్లు పిన్నీసు తీస్తారు (పుస్తెలతాడుకి ఎప్పుడూ రెండు వేలాడుతూనే ఉంటాయి కదా!). పీచు వస్తుంది, చిగురు గాయపడుతుంది. ఏళ్ల తరబడి గార పేరుకుని చిగురు పన్నుని వదిలేసిన చోట చీముగడ్డ కట్టొచ్చు, షుగరు అదుపులో లేనివాళ్లకి మరీను. పుప్పి పన్ను వేరు దగ్గర పట్టిన చీమూ చిగురు మీదే పొక్కులా తేలుతుంది. బీపీకి వాడే ఆమ్లోడిపిన్, మూర్ఛకి వాడే ఫెనిటాయిన్ కూడా కొందరికి చిగుళ్లు పెరిగేలా చేస్తాయి. వేసుకునే మాత్రల సంగతి డాక్టరుకి చెప్పాలి గానీ, సొంతంగా మానేయకూడదు.

లవంగ నూనెతో నాకో పేచీ ఉంది. అందులోని యూజినాల్ నొప్పిని మొద్దుబారుస్తుంది, దాంతో దంతవైద్యుడి దగ్గరికి ప్రయాణం ఆగిపోతుంది. ఎక్కువ పూస్తే చిగురు కాలుతుంది కూడా. ఆస్పిరిన్ మాత్రని చిగురు పక్కన నొక్కిపెట్టుకోవడం అంతకంటే చెడ్డ అలవాటు, అక్కడి చర్మం తెల్లగా కాలిపోతుంది. గోరువెచ్చని ఉప్పునీళ్లే నయం, అవి కూడా డాక్టరుని కలిసేదాకానే. జ్వరం వచ్చినా, వాపు దవడ కిందికి పాకినా, మింగుడు పడకపోయినా, ఊపిరి ఆడకపోయినా మాత్రం తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లిపోవాలి.