అప్పగించిన చేతులు

యోహాను సువార్త 19వ అధ్యాయం 11వ వచనం నన్ను చాలాకాలంగా ఇబ్బంది పెడుతోంది. విడిపించడానికైనా సిలువ వేయించడానికైనా తనకు అధికారం ఉందంటాడు రోమా అధిపతి పిలాతు. ఆ అధికారం పైనుంచి వచ్చిందేననీ, అందుచేత తనను అప్పగించినవాడి పాపమే పెద్దదనీ యేసు జవాబు. చిక్కంతా ఆ 'అందుచేత'లో ఉంది. పిలాతు అధికారం పైనుంచి వస్తే మరొకడి పాపం పెరగడమేమిటి?

నేను బి.కాం. చదివి బ్యాంకులో చేరినవాణ్ణి. వేదాంతం రాదు గాని పైనుంచి వచ్చే అధికారం సంగతి తెలుసు. అప్పు మంజూరు చేసే పరిమితి నా సొత్తు కాదు, నా కుర్చీకి ఇచ్చినది. కుర్చీలో ఉన్నవాడు ముందుకొచ్చిన కాగితం మీద ఏదో ఒకటి తేల్చక తప్పదు. తెలిసి తప్పుడు కాగితం తెచ్చినవాడికి ఆ నిర్బంధం లేదు. నమ్మి ఇచ్చిన కుర్చీని వాడు తన పనికి పనిముట్టు చేసుకున్నాడు. ఆ 'అందుచేత'కు నాకు తోచిన అర్థం ఇదే.

అప్పగించినవాడెవడు? యూదా ఇస్కరియోతు అంటారు కొందరు, ప్రధానయాజకుడు కయప అంటారు మరికొందరు. పిలాతు దగ్గరికి తెచ్చినవారు యాజకులు గనుక నేను కయప వైపే మొగ్గుతాను. ఎవరైనా గాని, మాట ఏకవచనం. అయినా ఆ మరణపు నిందను శతాబ్దాల తరబడి యూదు జాతి మొత్తానికీ అంటగట్టారు. అది తగదని 1965లో రెండవ వాటికన్ మహాసభ ప్రకటించవలసి వచ్చింది.

మరి పిలాతు బయటపడ్డట్టేనా? ఒకరి పాపం పెద్దదంటే రెండోవాడిది చిన్నదని అర్థం, లేదని కాదు. ముద్దాయిలో దోషం కనబడలేదని మూడుసార్లు చెప్పినవాడు, కైసరు పేరు ఎత్తేసరికి లొంగిపోయాడు. 16వ వచనంలో సువార్తికుడు పిలాతుకూ అదే క్రియ వాడాడు: అప్పగించాడు. గ్రీకులో రెండుచోట్లా ఉన్నది ఒకటే ధాతువు. మన తెలుగు బైబిలు కూడా ఆ మాటను మార్చకుండా నిలబెట్టింది. ఈ వచనానికి అసలు వ్యాఖ్యానం ఆ ఒక్క క్రియలోనే ఉందని నా అభిప్రాయం.

చాలా ఏళ్ల క్రితం, అనుమానం ఉండీ, పైవారు చెప్పారని ఒక అప్పు కాగితం మీద సంతకం పెట్టాను. అప్పు మునిగింది. హామీ ఉన్న ముసలాయన ఇల్లు వేలానికొచ్చింది. విచారణలో "పైనుంచి చెప్పారు" అన్నాను, నన్ను వదిలేశారు. తప్పులో పెద్ద వాటా నాది కాదన్న మాట నిజమే. కాని సంతకం నాదే.