'ఊరు' అంటే ఎవరు?

కాగితాల మీద మండలం పేరు అనుముల, జనం నోట్లె హాలియా. ఒక్క చోటుకు రెండు పేర్లున్నా ఎవరికీ నష్టం లేదు. ఒక్క పేరు రెండు చోట్లను చూపితేనే మోసం. 'ఊరు' అట్లాంటి మాట. రెవెన్యూ లెక్కల్లో మాలవాడ, మాదిగవాడ కూడా ఊరే. ఇక్కడి పల్లెల్లో వాడనుంచి దుకాణానికి బయల్దేరిన మనిషి మాత్రం 'ఊర్లెకు పోయొస్త' అంటది. అంటే తానున్న జాగా ఊరు కాదు. అస్పృశ్యులు ఊరి బయటే ఎందుకున్నారని బాబాసాహెబ్ 1948లో ఒక పుస్తకమే రాశారు. ఆ బయట, లోపల అన్న గీత మన మాటల్లోనే ఉంది.

ఉన్నవ లక్ష్మీనారాయణ బ్రాహ్మణుడే. అయినా 1922 నాటి తన నవలకు 'మాలపల్లి' అని పేరు పెట్టి, ఏ చోటు గురించి రాస్తున్నాడో దాచలేదు. 'మా ఊరు' అని ప్రేమగా రాసుకునే కవులు, కథకులు చాలామంది దాస్తున్నారు. చెరువొస్తది, గుడొస్తది, రచ్చబండొస్తది, వాడ రాదు. వచ్చినా డప్పు మోతగానే వస్తది. రచయిత అబద్ధమాడే పనిలేదు, 'ఊరు' అన్న మాటే ఆ పని చేసిపెడుతుంది.

అందుకే 'ఊరంతా ఒప్పుకుంది' అని కథలో కనబడ్డా, పంచాయితీలో వినబడ్డా మేం అడిగేది ఒక్కటే: వాడను అడిగిన్రా?