పట్టుకున్న చెయ్యి

సముద్రపు ఒడ్డున ఒక పసివాడు తప్పటడుగులు వేస్తుంటాడు. నాన్న చెయ్యి పట్టుకుని నడిపిస్తుంటాడు. ఆ వయసులో పట్టుకోవాల్సిందే. మరి కొడుక్కి 24 ఏళ్లొచ్చినా ఆ చెయ్యి వదలకపోతే? ‘బొమ్మరిల్లు’ సినిమా ఈ ప్రశ్నతోనే మొదలవుతుంది.

2006 ఆగస్టులో విడుదలైన ఈ సినిమా అనగానే చాలామందికి కథానాయిక హాసిని అల్లరే గుర్తొస్తుంది. తలకి తల ఒక్కసారే తగిలితే కొమ్ములొస్తాయని రెండోసారి ఢీకొట్టే ఆ పిల్లని మరిచిపోవడం కష్టమే. నేను మాత్రం దీన్ని ఇంట్లో నిర్ణయం ఎవరిది అన్న విషయం మీద తయారైన పాఠంగా చూస్తాను. కాలేజీ పిల్లల్నీ వాళ్ల అమ్మానాన్నల్నీ ఒకే గదిలో కూర్చోబెట్టి చూపించదగ్గ పాఠం. దిల్ రాజు నిర్మించిన ఈ చిత్రం దర్శకుడిగా భాస్కర్‌కి మొదటిది. ఆ తర్వాత సినిమా పేరే ఆయనకి ఇంటిపేరైపోయింది. మాటలు అబ్బూరి రవి రాశారు.

ఇందులో పనితనం ఎక్కడుందంటే, ముందుగా తండ్రి పాత్రలో. ప్రకాశ్‌రాజ్ వేసిన అరవింద్ చెడ్డవాడు కాదు. పిల్లల్ని కొట్టడు, డబ్బుకి లోటు చెయ్యడు. కొడుక్కి బట్టలు కొనేదీ, ఉద్యోగం చూపేదీ, సంబంధం కుదిర్చేదీ ప్రేమతోనే. విడివిడిగా చూస్తే ఏ నిర్ణయాన్నీ తప్పుబట్టలేం. ఆయన కుదిర్చిన సుబ్బులక్ష్మి కూడా వంక పెట్టదగ్గ పిల్ల కాదు. ఆ పిల్లని గయ్యాళిగానో, తండ్రిని మూర్ఖుడిగానో చూపించి ఉంటే పని సులువయ్యేది, కానీ పాఠం పోయేది. నిర్ణయం మంచిదే అయినా అది తనది కానప్పుడు మనిషికి ఏమవుతుంది? దర్శకుడు ఈ ప్రశ్నని పక్కదారి పట్టనివ్వలేదు.

రెండో పనితనం ఇంకా లోతైనది. కొడుకు సిద్ధు (సిద్ధార్థ్) నిశ్చితార్థం నాడు నోరు విప్పడు. తండ్రి మీద కోపమంతా బయట స్నేహితుల దగ్గరే. ఇంటికొస్తే తలూపుడే. తర్వాత హాసినిని ప్రేమిస్తాడు. విషయం తెలిసిన తండ్రిని ఒక్క వారం గడువడిగి, ఆ అమ్మాయిని ఇంట్లో ఉండడానికి తీసుకొస్తాడు. ఇక చూడండి. ఇలా నవ్వకు, అలా మాట్లాడకు, నాన్నగారికి నచ్చదు అంటూ హాసినికి అడుగడుగునా హద్దులు గీసేది ఎవరో కాదు, ఆ హద్దుల్లో పెరిగి ఊపిరాడక గింజుకున్న సిద్ధూయే! చివరికి తను తనలా ఉండలేకపోతున్నానని హాసిని వెళ్లిపోతుంది. తండ్రి చెయ్యి కొడుకు చేతిలోంచి ఇంకొకరి మీదకి పాకడాన్ని, ఒక్క ఉపన్యాసం లేకుండా, నవ్విస్తూనే చూపించారు. నాకు ఈ సినిమాలో అన్నిటికన్నా విలువైన భాగం ఇదే. జనం మాత్రం ఎక్కువగా పతాక సన్నివేశం గురించే చెప్పుకుంటారు.

ఆ పతాక సన్నివేశమూ తక్కువదేం కాదు. ఇన్నేళ్లు మింగిన మాటలన్నీ కొడుకు ఒక్కసారిగా కక్కేస్తాడు. సిద్ధార్థ్ గొంతులో కోపంకన్నా దుఃఖం ఎక్కువ. ప్రకాశ్‌రాజ్ ఎదురు వాదించకుండా వింటాడు. ప్రేమించి కూడా గాయపరిచానని తెలుసుకుంటున్న మనిషి ముఖం అది. జయసుధ వేసిన తల్లి కూడా, ఇతర పిల్లలు కూడా, తమ కోరికల్ని ఎప్పుడో చంపుకున్నవాళ్లే అని అప్పుడు బయటపడుతుంది. ఒకరి మౌనం వెనక ఇంటిల్లిపాది మౌనం ఉందన్నమాట.

ముగింపు కూడా ఆలోచించి కట్టిందే. హాసిని తండ్రి కనకారావు (కోట శ్రీనివాసరావు) పెళ్లికి ఒక పట్టాన ఒప్పుకోడు. అప్పుడు అరవింద్, సిద్ధుని ఒక వారం మీ ఇంట్లో ఉంచుకుని చూడండి అంటాడు. పరీక్ష ఆడపిల్లకొక్కదానికే కాదని ఒక్క ముక్కలో తేల్చేశాడు.

2008లో ఈ కథ తమిళంలో ‘సంతోష్ సుబ్రమణియం’గా వచ్చినప్పుడు తండ్రిగా ప్రకాశ్‌రాజే, హాసినిగా జెనీలియాయే మళ్లీ నటించారు. ఆ తండ్రి తెలుగింటికే పరిమితం కాదు మరి.

ఈ సినిమాని తరగతిలో చూపించాలనుకునే మాస్టార్లకి నాదో మనవి. చివరిదాకా ఒక్క ఊపున వెయ్యకండి. నిశ్చితార్థం దగ్గర ఆపి, లైట్లు వేసి, ఇక్కడ సిద్ధు ఏమని ఉండాల్సింది అని పిల్లల్ని అడగండి. హాసిని వెళ్లిపోయే చోట మళ్లీ ఆపండి. ఈసారి ప్రశ్న పెద్దలకి వెయ్యండి: మీ ఇంట్లో మీ మాటని ఎవరైనా చివరిసారి కాదన్నది ఎప్పుడు? జవాబు కోసం తొందరపెట్టకండి.