వార్తలకు ముందు మోగేది

మా ఆలంగాయంలో ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. టీవీ వచ్చిన కొత్తలో వార్తలు మద్రాసు నుంచి తమిళంలోనూ, ఢిల్లీ నుంచి హిందీలోనూ ఇంగ్లీషులోనూ వచ్చేవి. ఆ చివరి రెండూ మా అవ్వకు ఒక్క ముక్క అర్థమయ్యేవి కావు. అయినా పెరట్లో అంట్లు తోముతూ తోముతూ ట్యూను చెవిన పడగానే చెయ్యి కడుక్కుని, "రేయ్, వార్తలు పెట్టేసినారు, మీ తాతను పిలువు" అని కేకేసేది. టీవీ ముందు ఎలాగూ కూర్చున్నవాడికి ఆ ట్యూనుతో పనేముంది? వంటింట్లో ఉన్నవాళ్ళను, అరుగు మీద ఉన్నవాళ్ళను లాక్కురావాలి.

అంతా కలిపి పది, పదిహేను సెకన్ల పని. అందులో ఎంత విద్య ఉందో! అడుగున ఒకే స్వరాన్ని టికటికమని ఆపకుండా కొడతారు. అది పాత టెలిప్రింటరు చప్పుడు, తంతి ఆఫీసు చప్పుడు. దాని మీద వయొలిన్లు పరుగెత్తుతాయి. ఆపైన ట్రంపెట్లు షడ్జమం నుంచి పంచమానికి ఒక్క గెంతు గెంతుతాయి. మధ్యలో గాంధారం తగలకుండా చూసుకునేవాడే గడుసు పనివాడు. గాంధారం పలికిందంటే సంతోషమో దుఃఖమో తేలిపోతుంది. రాబోయే వార్త పెళ్ళో చావో ట్యూను కట్టినవాడికేం తెలుసు?

ఇందులో నేను చేతులెత్తి మొక్కేది డేవిడ్ లో అనే సంగీతకారుడికి. గంట కొట్టే ముందు రేడియోలో పిప్ పిప్ మని వినపడే గ్రీనిచ్ టైం చప్పుళ్ళున్నాయే, వాటినే తాళంగా పట్టుకుని 1999లో బీబీసీ వార్తలకు ట్యూను కట్టాడు. గడియారమే మృదంగమైంది! అమెరికాలో ఎన్‌బీసీ వాళ్ళయితే 1985లో ఏకంగా 'స్టార్ వార్స్' జాన్ విలియమ్స్‌నే పిలిచి 'ది మిషన్' చేయించుకున్నారు. గొప్ప పనే, కాదనను. కానీ లండన్ ఐటీఎన్ వాళ్ళు 1967లో 'న్యూస్ ఎట్ టెన్'కు చేసింది దానికన్నా మిన్న అంటాను. ట్యూను జానీ పియర్సన్‌ది. ఆ తర్వాత బిగ్ బెన్ గంట ఒక దెబ్బ, ఒక హెడ్‌లైను, మళ్ళీ ఒక దెబ్బ. చదివేవాడి గొంతు గంటకు అడ్డం రాదు, గంట గొంతుకు అడ్డం రాదు.

మన దగ్గరికొస్తే నేను దూరదర్శన్ పక్షం, దాపరికం లేదు. రెండు వంపులు గుండ్రంగా తిరుగుతూ వచ్చి కన్నుగా మారే ఆ బొమ్మ గీసింది అహ్మదాబాద్ ఎన్‌ఐడీ విద్యార్థి దేబాశిష్ భట్టాచార్య. దాన్ని కదిలించింది అదే సంస్థలోని ఆర్.ఎల్. మిస్త్రీ. కంప్యూటర్ గ్రాఫిక్స్ లేని రోజులు, బొమ్మను ముక్కముక్కగా తిప్పి కెమెరా కింద పెట్టి తీశారు. గీసిన నమూనాల్లోంచి ఇందిరాగాంధీయే దీన్ని ఎంచిందని చెబుతారు. సంగీతం పండిట్ రవిశంకర్, షెహనాయి ఉస్తాద్ అలీ అహ్మద్ హుస్సేన్ ఖాన్ కలిసి చేసినది. 'సారే జహాఁసే అచ్ఛా'కు మనందరికీ తెలిసిన బాణీ రవిశంకర్‌దే కదా, అదే ఇక్కడ నెమ్మదిగా మేలుకుంటుంది. అది చానెల్ ట్యూనే గాని వార్తల ట్యూను కాదని వాదించే మిత్రులున్నారు. వాదించనివ్వండి. ఆకాశవాణిది కూడా అంతే. నాజీల బారి నుంచి తప్పించుకుని బొంబాయి చేరిన వాల్టర్ కాఫ్‌మన్ తంబురా శ్రుతి మీద శివరంజనిలో కట్టిన ట్యూనది. పొద్దున్నే అది వినకుండా మా ఊళ్ళో టీకొట్టు తెరిచేవాళ్ళు కాదు.

బొమ్మ సంగతి ఒకటి చెప్పాలి. కావలూరు టెలిస్కోపు మాకు కూతవేటు దూరం. ఆ గాలి సోకిందేమో, వార్తలకు ముందు వేసే మాంటేజ్‌లో భూగోళం కనబడితే చాలు, ఏ వైపు తిరుగుతోందో చూస్తాను. ఉత్తరం పైకి ఉంటే దేశాలు ఎడమ నుంచి కుడికి కదలాలి. నీలిరంగు, మెరుపులు, ఇనుప అక్షరాలు ఎన్నయినా దట్టించండి గానీ, భూమిని ఎదురు తిప్పినవాడు వార్తలు తిన్నగా చెబుతాడని నేను నమ్మను.

తెలుగు వార్తలకు నా మొక్కు శాంతిస్వరూప్ గారికి. 1983 నవంబరు 14న హైదరాబాద్ దూరదర్శన్‌లో తొలి తెలుగు వార్తలు చదివిన మనిషి. ప్రాంప్టరు లేదు, కంఠతా పట్టి తలెత్తి చెప్పేవారు. ఆ ఠీవి ఎక్కడిది? ట్యూను టక్కున ఆగేది, ఒక్క క్షణం ఏమీ వినపడేది కాదు, ఆ క్షణంలో ఇళ్ళల్లో అందరూ నోరు మూసుకునేవాళ్ళు. అప్పుడు ఆయన గొంతు. వార్తల ట్యూనంతా ఆ ఆగడం కోసమే.

ఇప్పుడు ఆగదు, అదే నా ఏడుపు. 2003లో ఈటీవీ2, 2004లో టీవీ9 వచ్చాయి, 24 గంటల వార్తలు మొదలయ్యాయి. తెలుగు వార్తల కోసం మొహం వాచిన మా సరిహద్దు ఊళ్ళవాళ్ళం పండగ చేసుకున్నాం. ఆ తర్వాత చానెల్ మీద చానెల్. ఎక్కడో కొన్న రెడీమేడ్ లూపులు, సినిమా ట్రైలరు డప్పులు, 'ధడేల్'మని ఒక స్టింగ్. బియ్యం ధరకూ అదే దెబ్బ, వరదకూ అదే దెబ్బ, నటి విడాకులకూ అదే దెబ్బ. మొన్న ఒక చానెల్లో చిన్నపిల్ల బావిలో పడ్డ వార్త చదువుతుంటే అడుగున క్రికెట్ మ్యాచ్ ముందు వేసేలాంటి సంగీతం మోగుతూనే ఉంది. ఆ పిల్ల పేరు నాకు వినపడలేదు. వినిపించినవాడికి సిగ్గు లేకపోతే పాయె, విన్న నాకు వేసింది. రోజంతా మోగుతుంటే పెరట్లో ఉన్న మనిషిని ఇక దేంతో పిలుస్తారు?

చానెళ్ళవాళ్ళను పెద్ద కోరికేం కోరను. కొత్త ట్యూను కట్టించలేకపోతే పాతదే వెయ్యండి, డబ్బులు లేకపోతే ఒక్క గంట కొట్టండి. చదివేవాళ్ళు నోరు తెరిచేముందు మాత్రం ఆపండి.