నేర్పింది ఒకటి, అడిగింది ఇంకొకటి

మా లింగాల మండలంలో అప్పాపూర్ వైపు పెంటల నుంచి వచ్చే పిల్లల మార్కులు చూసి చాలామంది ఒకటే మాట అంటారు: "చెంచు పిల్లలకు చదువు అబ్బదు." నేనూ ఆదివాసీ ఇంట పుట్టి, డి.ఎడ్. చదివి పంతులునైనవాణ్ణే. ఆ మాట విన్నప్పుడల్లా నాకు మార్కుల జాబితా కంటే ముందు ప్రశ్నపత్రం చూడాలనిపిస్తుంది. మార్కు తగ్గితే పిల్లను విమర్శిస్తాం. ప్రశ్నను విమర్శించేవాళ్లు ఎందరు? ఆ పని నా ప్రశ్నపత్రంతోనే మొదలుపెడతాను.

ఒక ఏడాది నాలుగో తరగతికి బరువుల పాఠం చెప్పాను. తేనె, తపసి బంక, కుంకుడుకాయలు జీసీసీకి అమ్మే ఇళ్ల పిల్లలు వాళ్లు. తక్కెడ, తూకపు రాళ్లు తెచ్చి వారం రోజులు కుంకుడుకాయలు తూచాం. చేత్తో పట్టుకొని బరువు అంచనా చెప్పడంలో ఒక పాపను మించినవాళ్లు లేరు. తర్వాత లఘు పరీక్ష పెట్టాను. పది ప్రశ్నలూ ఒకే రకం: 3 కిలోల 250 గ్రాములు ఎన్ని గ్రాములు, ఖాళీలో రాయండి. తీరిక లేక గైడులోంచి దించినవి. ఆ పాపకు రెండు మార్కులు వచ్చాయి. పేపరు ఇచ్చినప్పుడు అంది: "సార్, తూకం వేయమంటే వేస్త గదా. ఈ గీత మీద ఏం రాయాల్నో మీరు చెప్పనేలేదు."

ఆ పరీక్షలో తప్పింది ఆ పాప కాదు, నేను.

డి.ఎడ్.లో మనం చదివిన 'సప్రమాణత' అంటే ఇదే. దేన్ని కొలవాలో పరీక్ష దాన్నే కొలవాలి. బరువులు నేర్పిన నేనే తేనెను గజంబద్దతో కొలిచాను. 1956 నాటి బ్లూమ్ వర్గీకరణ, భారత్వ పట్టిక, బ్లూ ప్రింట్ అన్నీ రికార్డులో అందంగా గీశాం. ఉద్యోగం వచ్చాక అవి అటకెక్కాయి. లక్ష్యం, బోధన, మూల్యాంకనం మూడూ ఒకే దారిన నడవాలని ఆస్ట్రేలియాకు చెందిన జాన్ బిగ్స్ 1996లో రాశాడు. ఆయన కాలేజీ చదువుల గురించి రాసినా, ఆ మాట ఒంటి పంతులు బడికి ఇంకా ఎక్కువ అవసరం.

చట్టంలో లోటు లేదు. విద్యాహక్కు చట్టం 2009లోని 29వ సెక్షన్ పిల్లల అవగాహనను, దాన్ని వాడుకునే శక్తిని నిరంతరం, సమగ్రంగా చూడమంది. అందుకే నిర్మాణాత్మక మూల్యాంకనంలో భాగస్వామ్యం, రాత పనులు, ప్రాజెక్టు, లఘు పరీక్ష అని నాలుగు అంశాలు పెట్టారు. పదో తరగతిలో 2014-15 నుంచి 80 మార్కులు రాతకు, 20 అంతర్గతానికి ఇచ్చారు. మరి మనం చేస్తున్నదేమిటి? దుకాణంలో కొన్న బొమ్మలు అతికిస్తే ప్రాజెక్టు అయిపోతుంది. రిజిస్టరు అడిగే ముందు రాత్రి కూర్చొని నాలుగు గడులూ నింపుతాం. నేనూ నింపాను. తూచడం వచ్చిన పిల్లకు న్యాయం జరగాల్సిన గడులు అవే.

పై నుంచి వచ్చే సంగ్రహణాత్మక పేపరు సంగతి వేరు. ఫలానా నెలకు ఫలానా పాఠం అయిపోయిందన్న లెక్కతో అది వస్తుంది. పిల్లలు అమ్మానాన్నల వెంట అడవికి పోయిన రోజులు ఆ లెక్కలో ఉండవు. భాష సంగతీ అంతే. ఉమ్మడి రాష్ట్రంలో గోండి, కోయ, కొలామి, బంజారా వంటి 8 భాషల్లో మాతృభాషా బోధన మొదలైంది. చెంచులది తెలుగే గనక ఆ వరుసలో చెంచు పిల్లలు లేరు. కానీ "వ్యత్యాసమును కనుగొనుము" అన్నది మా పెంటల్లో మాట్లాడే తెలుగు కాదు. "ఏది ఎంత ఎక్కువ?" అంటే వెంటనే చెప్పే పిల్ల ఆ మాట దగ్గరే ఆగిపోతుంది. ఆమె ఓడింది లెక్కలో కాదు.

అయితే పేపరు తేలిక చేద్దామా? వద్దు. అది మన పిల్లలను చిన్నచూపు చూడడమే. చేయించిన లెక్కనే మళ్లీ అడిగితే జ్ఞాపకం తెలుస్తుంది, తెలివి తెలియదు. నేర్పిన శక్తిని కొత్త సందర్భంలో అడగాలి. కుంకుడుకాయలు తూచినవాళ్లను చింతపండు ధర కట్టమనాలి. రేపు పదో తరగతిలో వీళ్లు రాయాల్సింది అందరూ రాసే పేపరే. అందుకని ఒక్కోసారి మార్చాల్సింది ప్రశ్నను కాదు, బోధనను. నోటితో చెప్పగలిగినదాన్ని గీత మీద పెట్టడం కూడా ఒక పాఠమే. "వ్యత్యాసం" అంటే ఏమిటో తక్కెడ పక్కనే చెప్పాలి. నేను ఎగ్గొట్టింది ఆ పాఠాన్నే.

తోటి ఉపాధ్యాయులారా, పాఠం మొదలుపెట్టక ముందే దాని చివరి ప్రశ్న రాసుకోండి. లఘు పరీక్ష మన చేతిలోనే ఉంది, దానికి పై ఆఫీసును తప్పుపట్టలేం. చదువుకున్న యువకులారా, మీ తమ్ముడి, చెల్లెలి మార్కుల కాగితం ఇంటికి వస్తే పక్కన ప్రశ్నపత్రం, నోటుబుక్కు పెట్టి చూడండి. ఇది నేర్పారా? నేర్పిన తీరులోనే అడిగారా? ఆ రెండూ బడికి వచ్చి మమ్మల్ని అడగండి. మాకు కోపం వచ్చినా సరే, అడగండి.