ముక్కు దించిన షెవర్లేలు

రెండో ప్రపంచ యుద్ధం ముగిసి ఇళ్లకు తిరిగొచ్చిన మెక్సికన్ అమెరికన్ కుర్రాళ్లకు తూర్పు లాస్ ఏంజెలెస్‌లో అందుబాటు ధరలో దొరికేది సెకండ్‌హ్యాండ్ షెవర్లే. అదే ఊళ్లో హాట్‌రాడ్ కుర్రాళ్లు పాత ఫోర్డ్ కార్ల ఇంజన్లు విప్పి, బిగించి, వేగం కోసం పందేలు కాస్తుంటే వీళ్లు కారును నేలకు దించి, నలుగురూ చూసేలా విట్టియర్ బులెవార్డ్ మీద తాపీగా నడిపించారు. అదే లోరైడింగ్. హైడ్రాలిక్ పంపులతో గంతులు వేసే కార్ల వీడియోలు చూసి ఇది డబ్బున్నవాళ్ల సరదా అనుకునేవాళ్లు ఉన్నారు. నిజానికి ఇది పుట్టింది జేబులో పైసా ఆడని చోట. ఈ విద్యలో నాకు అన్నిటికన్నా గౌరవం, ముందు స్ప్రింగును ఎంత కోయాలో, ఎక్కడ ఆపాలో తెలిసిన చేతిమీద.

వెనక భాగం దించడానికి పెద్ద నేర్పు అక్కర్లేదు. డిక్కీలో ఇసుక బస్తాలో సిమెంటు బస్తాలో పడేస్తే కారు అదే కూర్చుంటుంది. తొలిరోజుల్లో చాలామంది చేసింది అదే. ముందు వైపు అలా కుదరదు. ఇంజన్ అక్కడే, స్టీరింగ్ అక్కడే, బ్రేకు వేస్తే బరువంతా తోసుకొచ్చేదీ అక్కడికే. ముందు ఏ మార్పు చేసినా కారు నడక మారుతుంది.

లోరైడర్లు ప్రాణంగా చూసుకునే కారు షెవర్లే ఇంపాలా, ముఖ్యంగా 1958 నుంచి 1964 వరకు వచ్చినవి. దాని ముందు చక్రం ఒక్కోటి పైనొక ఆర్మ్, కిందొక ఆర్మ్ ఆధారంగా పైకీ కిందికీ కదులుతుంది. కింది ఆర్మ్‌కూ ఛాసిస్‌కూ మధ్య బలమైన కాయిల్ స్ప్రింగు ఇరుక్కుని ఉంటుంది. ఆ స్ప్రింగు చక్రం పక్కన కాకుండా ఆర్మ్‌కు ఇంచుమించు నడిమిన కూర్చుంటుంది. అందువల్ల చక్రం మీద పడే బరువుకు దాదాపు రెట్టింపు ఒత్తిడిని అది మోస్తుంది. స్ప్రింగు ఎత్తు అర అంగుళం తగ్గిస్తే కారు ముక్కు సుమారు అంగుళం దిగుతుంది. ఈ రెండు లెక్కలూ అర్థమైతే ఈ పనిలో ఉన్న ప్రమాదమూ అర్థమవుతుంది, నేర్పూ అర్థమవుతుంది.

ముందు ప్రమాదం సంగతి. స్ప్రింగు విప్పేటప్పుడు కారు ఫ్రేము జాక్ స్టాండ్ల మీద నిలవాలి. కింది ఆర్మ్ కింద జాకీ ఉండాలి. స్ప్రింగులోంచి గొలుసు దూర్చి ఫ్రేముకు కట్టాలి. బాల్ జాయింట్ నట్టు వదులు చేశాక జాకీని కొద్దికొద్దిగా దించుతూ స్ప్రింగు పూర్తిగా సడలేదాకా ఓపిక పట్టాలి. స్ప్రింగు కంప్రెసర్ ఉంటే ఇంకా మంచిది. ఆ గొలుసు లేకపోతే, జాకీ జారిన క్షణంలో స్ప్రింగు ఎటు ఎగురుతుందో ఎవరి చేతిలోనూ ఉండదు. డబ్బు ఆదా చేసుకోవడానికి ఇది మాత్రం చోటు కాదు.

ఇక కోత. ఇంపాలా ముందు స్ప్రింగుకు పై కొస చదునుగా, మూసుకుని ఉంటుంది. దాన్ని ముట్టుకోకూడదు. కింది కొస తెరిచి ఉంటుంది, ఆర్మ్‌లోని గుంటలో కూర్చుంటుంది. కోయాల్సింది దాన్నే. సుద్దముక్కతో గుర్తు పెట్టి, గ్రైండర్‌కు కటింగ్ వీల్ తగిలించి, తీగ వేడెక్కనీయకుండా ఆపి ఆపి కోయాలి. తెలిసినవాళ్లు ఒక్కసారే పూర్తి చుట్టు తీసెయ్యరు. ముందు అర చుట్టు తీస్తారు, రెండు వైపులా అంతే తీస్తారు. కొత్త కొస గుంటలోని మెట్టుకు ఆనేలా స్ప్రింగును తిప్పి కూర్చోబెడతారు. కారును కిందికి దించగానే టేపు పెట్టి కొలవరు. చక్రాలు గాల్లోంచి నేలను తాకినప్పుడు టైర్ల అడుగు పక్కకు జరగలేక సస్పెన్షన్‌ను పైనే పట్టి ఉంచుతుంది. కారును నాలుగడుగులు ముందుకూ వెనక్కూ తోసి, బానెట్ మీద రెండుసార్లు అదిమి, అప్పుడు చక్రం మధ్యనుంచి ఫెండర్ అంచుదాకా కొలుస్తారు. చాలకపోతే మళ్లీ విప్పుతారు. విసుగు పుట్టించే పనే. కానీ కోసిన స్ప్రింగును మళ్లీ అతికించలేం.

కోసిన స్ప్రింగు మెత్తబడుతుందని చాలామంది అనుకుంటారు. జరిగేది దానికి విరుద్ధం. పనిచేసే చుట్లు తగ్గేకొద్దీ స్ప్రింగు గట్టిపడుతుంది. పది చుట్లలో ఒకటి తీసేస్తే మిగిలిన తొమ్మిదీ సుమారు 11 శాతం ఎక్కువ గట్టిగా నిలుస్తాయి. కారు కిందికి దిగాక కుదుపులకు మిగిలే ఆట తక్కువ కాబట్టి ఆ గట్టిదనం కొంతవరకు మేలే చేస్తుంది. ఖర్చు లేని ఈ పద్ధతిలోనే ఇంత ఇంజనీరింగ్ దాగి ఉండడం నాకెప్పుడూ అబ్బురమే.

దీనికంటే చవకైన దారులు రెండున్నాయి, రెండూ చెడ్డవే. ఒకటి, స్ప్రింగును కారులోనే ఉంచి గ్యాస్ కట్టర్‌తో ఎర్రగా కాల్చి కుంగనివ్వడం. పాత రోజుల్లో ఇది బాగా నడిచింది. కాలిన చోట ఉక్కు టెంపర్ పోతుంది. రెండు వైపులా ఒకేలా కుంగదు, కుంగడం ఎక్కడ ఆగుతుందో చెప్పలేం, ఏదో ఒక గుంతలో పుటుక్కున విరగవచ్చు. రెండోది, చుట్లను క్లాంపులతో కలిపి బిగించడం. కుదుపులకు క్లాంపు జారితే ఒక పక్క ఉన్నట్టుండి పైకి లేస్తుంది. ఈ రెంటిలోనూ తగ్గేది శ్రమ. డబ్బు తక్కువైనవాడు శ్రమ పెంచుకోవాలి, ఉక్కు మీద భారం వెయ్యకూడదు.

మన పాత అంబాసిడర్‌కైతే ముందు కాయిల్ స్ప్రింగే లేదు. పొడవాటి టార్షన్ బార్లు మెలితిరిగి బరువు మోస్తాయి, వాటి అమరికను సర్దితే కోత లేకుండానే ఎత్తు మారుతుంది. అయితే మన మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ తయారీదారు నిర్దేశించినదానికి భిన్నంగా వాహనాన్ని మార్చడాన్ని అడ్డుకుంటుంది. ఇక్కడ ఎవరైనా పాత కారు మీద చెయ్యి వేసేముందు ఆ సంగతి చూసుకోవాలి.

కాలిఫోర్నియాలోనూ చట్టం ఈ కార్ల వెంటపడింది. చక్రపు రిమ్ము అడుగు కంటే కిందికి కారులోని ఏ భాగమూ దిగరాదంటూ 1958లో వాహన నిబంధన తెచ్చారు. కోసిన స్ప్రింగును రోడ్డు మీద పొడిగించలేరు కదా! ఆ నిబంధనకు జవాబుగా 1959లో రాన్ అగిర్రే తన కార్వెట్‌కు మిగులు విమాన సామగ్రిలోంచి హైడ్రాలిక్ పంపులు తెచ్చి బిగించాడు. పోలీసు కనిపిస్తే మీట నొక్కి లేపడం, వెళ్లిపోయాక దించడం. తర్వాత్తర్వాత గంతులు వేసే కార్లకు దారి పడింది అక్కడే. చాలా ఊళ్లలో క్రూజింగ్ మీద, అంటే ఇలా తాపీగా తిరగడం మీద, నిషేధాలు కూడా వచ్చాయి. ఆ ఎత్తు నిబంధననూ, ఊళ్ల నిషేధాలనూ తొలగిస్తూ ఏబీ 436 అనే చట్టం 2024 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. అరవై ఏళ్లు పైబడి ఒక సముదాయాన్ని ఆపి, చలానాలు రాసిన నిబంధన అది. ఆలస్యంగానైనా పోయింది, సంతోషం.

ఈ కార్ల విలువ ఎంతో తెలియాలంటే న్యూ మెక్సికోలోని చిమాయో ఊరి డేవ్ హరమీయో సంగతి చూడాలి. 1969 ఫోర్డ్ ఎల్‌టీడీని లోరైడర్‌గా తీర్చిదిద్దే పని ముగియకముందే 1978లో ప్రమాదంలో చనిపోయాడు. మిగిలిన పనిని అతని కుటుంబమే పూనుకుని పూర్తిచేసింది. ‘డేవ్స్ డ్రీమ్’ అనే ఆ కారు ఇవాళ వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ జాతీయ అమెరికన్ చరిత్ర మ్యూజియం సేకరణలో ఉంది. షెడ్డులో పక్కన నిలబడి పానా అందించినవాడే రేపు ఆ పని అందుకుంటాడు. ఈ విద్య అలాగే చేతులు మారుతూ వచ్చింది.

స్ప్రింగు కోయడంతో పని అయిపోదు. ఎత్తు తగ్గాక చక్రాల కోణాలు మారతాయి కాబట్టి అలైన్‌మెంట్ తప్పదు. ఇంపాలాలో పై ఆర్మ్ దగ్గర షిమ్ములు మార్చి దాన్ని సరిచేస్తారు. పాత షాక్ అబ్జార్బర్లు కొత్త ఎత్తుకు పొడవైపోయి అడుగు తాకుతుంటే పొట్టివి వెయ్యాలి. ఆర్మ్‌ల బుష్‌లు రబ్బరువైతే వాటి బోల్టులు కారు చక్రాల మీద నిలబడ్డాకే, కొత్త ఎత్తులోనే చివరి బిగింపు బిగించాలి. గాల్లో ఉండగా బిగిస్తే ఆ రబ్బరు ఎప్పుడూ మెలితిరిగే ఉండి త్వరగా చిరుగుతుంది. చేతిలో కాస్త సొమ్ముంటే డ్రాప్ స్పిండిల్స్ వేసుకోవచ్చు. చక్రపు ఇరుసును స్పిండిల్ మీద పైకి జరిపి చేస్తారు కాబట్టి స్ప్రింగును ముట్టుకోకుండానే కారు దిగుతుంది, ఆట కూడా తగ్గదు. అంత లేనివాళ్లు స్ప్రింగు మీద మిగిలిన డబ్బును బాల్ జాయింట్ల మీద పెట్టాలి. అరవై ఏళ్ల కారులో కొత్త ఎత్తుకన్నా ముందు చూడాల్సింది వాటినే.